కోలారు గనుల నేలపై కొత్త నర్సు తొలి ఏడాది

కర్ణాటకలోని కోలారు జిల్లా పేరు వినగానే తెలుగువారికి బంగారు గనులు, శ్రీనివాసపురం మామిడి తోటలు, చిత్తూరు జిల్లాను ఆనుకొని ఉన్న ముల్బాగల్ సరిహద్దు గుర్తుకు వస్తాయి గాని, ఈ చిన్న జిల్లాలో నర్సింగ్ చదువు ఎన్ని కుటుంబాలకు జీవనాధారమైందో బయటివారికి అంతగా తెలియదు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే బ్రిటిష్ సంస్థ తవ్వకం చేపట్టిన కోలారు బంగారు గనులు, స్వాతంత్ర్యం తరువాత ప్రభుత్వపరమై, భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ (బీజీఎంఎల్) పేరుతో కొనసాగి, చివరకు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. మూడు నాలుగు తరాలుగా గనినే నమ్ముకున్న కుటుంబాలకు ఆ రోజుతో జీతమూ, దానితోపాటు కంపెనీ ఆసుపత్రిలో దొరికే వైద్యమూ దూరమయ్యాయి. ఆ తరువాత పెరిగిన తరంలో చాలామంది తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరులో పనిచేసి రాత్రికి ఇల్లు చేరే బతుకుకు అలవాటుపడగా, చదువు మీద ఆశ ఉన్న ఇళ్లలో ఆడపిల్లలకు, ఇటీవల మగపిల్లలకు కూడా, నర్సింగ్ ఒక నమ్మకమైన దారిగా కనిపించింది. ఆ దారిలో అడుగుపెట్టినవారికి ఎదురయ్యే అతి కష్టమైన భాగం చదువు పూర్తయ్యాకే వస్తుందనీ, దానిని దాటించే బాధ్యత కొత్త నర్సు ఒక్కరి మీదే వదిలేయడం పెద్ద పొరపాటనీ ఈ వ్యాసం చెప్పదలచుకున్న విషయం.

నర్సు అన్న ఒక్క మాట కింద మన దేశంలో ప్రధానంగా మూడు చదువులు ఉన్నాయి. పీయూసీ లేదా ఇంటర్మీడియట్ తరువాత రెండేళ్లు చదివే ఏఎన్ఎం కోర్సు ముఖ్యంగా గ్రామాల ఆరోగ్య ఉపకేంద్రాలలో గర్భిణుల సంరక్షణకు, శిశువుల టీకాలకు ఉద్దేశించినది. మూడేళ్ల జీఎన్ఎం ఆసుపత్రి వార్డులలోను, కాన్పుల గదిలోను పనిచేయడానికి తయారుచేసే డిప్లొమా. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ విశ్వవిద్యాలయ పట్టా. కర్ణాటకలో ఎక్కువ కళాశాలలు 1996లో ఏర్పడిన రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం పరిధిలో ఈ కోర్సును నడుపుతున్నాయి. ఏది చదివినా రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదైన తరువాతే ఉద్యోగంలో చేరే అర్హత వస్తుంది. కోలారు జిల్లాలో ఈ చదువుకూ, పనికీ తగిన చోట్లు లేకపోలేదు. మెథడిస్ట్ మిషన్ 1910లో నెలకొల్పిన, స్థానికులు ఈటీసీఎం అని పిలుచుకొనే ఎల్లెన్ థోబర్న్ కోవెన్ స్మారక ఆసుపత్రి, కోలారు పట్టణంలోని శ్రీ నరసింహరాజ జిల్లా ఆసుపత్రి, ఊరి పొలిమేరలో టమక వద్ద 1986లో ఆరంభమైన శ్రీ దేవరాజ్ అరసు వైద్య కళాశాల, దాని బోధనాసుపత్రి అయిన ఆర్.ఎల్. జాలప్ప ఆసుపత్రి, కోలారు బంగారు గనుల పట్టణమైన కేజీఎఫ్‌లో రాబర్ట్‌సన్‌పేట ప్రభుత్వ ఆసుపత్రి అందరికీ తెలిసినవే. పొరుగున తమిళనాడులో, ఐడా స్కడర్ 1909లో నర్సుల శిక్షణ మొదలుపెట్టిన వేలూరు ఆసుపత్రి కూడా ఈ ప్రాంతానికి దూరం కాదు.

కళాశాలలో నేర్చిన వృత్తికీ, ఉద్యోగంలో కనిపించే వృత్తికీ మధ్య ఉన్న ఎడాన్ని మొదటిసారి శాస్త్రీయంగా పరిశీలించి పుస్తకం రాసినవారిలో అమెరికాకు చెందిన మార్లీన్ క్రేమర్ ముఖ్యురాలు. 1974లో వెలువడిన ఆమె గ్రంథం ఈ స్థితికి ‘రియాలిటీ షాక్’ అని పేరు పెట్టింది; అంటే వాస్తవం ఒక్కసారిగా తగిలినప్పుడు కలిగే దెబ్బ అని అర్థం. ఒక్కొక్క రోగినీ పూర్తిగా తెలుసుకొని, ఆ మనిషి అవసరాలన్నీ ఆలోచించి సేవ చేయాలని కళాశాల నేర్పుతుంది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి అడిగేది మాత్రం పది గంటల మందులు పది గంటలకే ఇచ్చారా, రాయవలసినవన్నీ రాశారా, డిశ్చార్జి కాగితాలు సిద్ధమా అనే. రెండూ అవసరమే అయినా, ఒకదానికి అలవాటుపడిన మనసు రెండోదానికి మళ్లేటప్పుడు తాను నేర్చినది వృథా అనీ, తాను ఈ పనికి తగననీ అనుకోవడం సహజం. పదేళ్ల తరువాత, 1984లో, పాట్రీషియా బెన్నర్ అనే మరో నర్సింగ్ పండితురాలు ఈ వృత్తిలో నైపుణ్యం ఐదు మెట్లుగా పెరుగుతుందని వివరిస్తూ, పట్టా పుచ్చుకొని వచ్చిన నర్సు ఇంకా రెండో మెట్టు మీదే ఉంటుందనీ, ఒకే రకమైన వార్డులో రెండు మూడేళ్లు పనిచేసిన తరువాతే ఏది ముందు, ఏది వెనుక అని తనంతట తాను తేల్చుకొనే మూడో మెట్టుకు చేరుతుందనీ చెప్పింది. డ్యూటీ చార్టులో కొత్త నర్సు పేరునూ, పదేళ్ల అనుభవం ఉన్న నర్సు పేరునూ ఒకే విలువతో లెక్కగట్టే ప్రతి ఆసుపత్రి ఈ మాటను మరిచిపోతున్నట్లే.

ఈ కష్టం ఎంత సూక్ష్మమైన పనులలో ఉంటుందో చూస్తే గాని బయటివారికి బోధపడదు. అయిదు వందల మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటలలో ఎక్కించాలని వైద్యుడు కేస్ షీటులో రాస్తాడు. కొలిచి ఎక్కించే యంత్రం లేని వార్డులో ఆ ఆదేశాన్ని నర్సు చుక్కల లెక్కలోకి మార్చుకోవాలి. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టు అయితే మొత్తం 10,000 చుక్కలు, నాలుగు గంటలంటే 240 నిమిషాలు, కాబట్టి నిమిషానికి సుమారు 42 చుక్కలు పడాలి. పరీక్ష హాలులో అర నిమిషంలో తేలే ఈ లెక్క, వార్డులో చేతిగడియారం ముల్లు వంక చూస్తూ చుక్కలు లెక్కపెడుతున్నప్పుడు పక్క మంచం వారి బంధువు పిలవడంతో ఒకసారి, టేబులు మీద ఫోను మోగడంతో ఒకసారి తప్పిపోయి, మళ్లీ మొదటికి వస్తుంది. ఇన్సులిన్ విషయంలో పొరపాటు ఇంకా ప్రమాదకరం. మన దేశంలో సీసాలలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల గాఢతతో ఉంటుంది. దానికి ఎర్ర మూత ఉన్న సిరంజి వాడాలి. పెన్నులలో వాడే కార్ట్రిడ్జిలలో గాఢత 100 యూనిట్లు. ఆ గాఢతకు తగిన సిరంజికి నారింజ రంగు మూత ఉంటుంది. 100 గాఢత ఉన్న మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే రోగి ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. చక్కెర ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పడానికి అది చాలు. అందుకే ఇంజెక్షన్ చేసే ముందు మరో నర్సుకు సీసానూ సిరంజినీ చూపించి సరిచూసుకోవడం మంచి ఆసుపత్రులలో నియమం. ఆ రెండో నర్సు వార్డులో లేని రాత్రి నియమం కాగితం మీదే మిగిలిపోతుంది.

కేజీఎఫ్‌లో పనిచేసే కొత్త నర్సుకు పాఠ్యపుస్తకంలోని ఒక పేజీ ఎదురుగా మంచం మీద కనిపిస్తుంది. రాతిలోని సిలికా ధూళిని ఏళ్ల తరబడి పీల్చడం వల్ల ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడిపోయే సిలికోసిస్ అనే వ్యాధి మన దేశంలో మొదట 1947లో కోలారు బంగారు గనుల నుంచే వెల్లడైందని సామాజిక ఆరోగ్య పాఠంలో దేశమంతటా నర్సింగ్ విద్యార్థులు చదువుకుంటారు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగింది; అక్కడ రాయి తొలిచినవారి ఊపిరితిత్తులలో చేరిన ధూళి గని మూసినంత మాత్రాన బయటికి రాదు. పని మానేసిన తరువాత కూడా ఈ వ్యాధి ముదిరే అవకాశం ఉంది, పూర్తిగా నయం చేసే మందు లేదు, దీనికి తోడు క్షయ సోకే ముప్పు కూడా ఎక్కువ. అటువంటి వృద్ధ కార్మికుడు ఆయాసంతో ఆసుపత్రికి వచ్చినప్పుడు వేలికి తగిలించిన పరికరం ఆక్సిజన్ 89 శాతమని చూపిస్తే, కొత్త నర్సు చేయి వెంటనే ఆక్సిజన్ మీటరును పూర్తిగా తిప్పడానికి వెళుతుంది. మామూలు రోగి విషయంలో ఆ తొందర అర్థం చేసుకోదగినదే. కాని ఏళ్ల తరబడి దెబ్బతిని, బొగ్గుపులుసు వాయువును సరిగా బయటికి పంపలేని ఊపిరితిత్తులకు మితిమీరి ఆక్సిజన్ ఇస్తే ఆ వాయువు రక్తంలో ఇంకా పేరుకుపోయి రోగి మగతలోకి జారుకోవచ్చు. అందుకే అటువంటివారికి 88 నుంచి 92 శాతం మధ్య ఉంటే చాలని వైద్యులు హద్దు పెడతారు. ఆయాసపడుతున్న మనిషి ఉన్నట్టుండి నిద్రపోతున్నట్లు కనిపిస్తే ఊరట అనుకోవాలో, ప్రమాదమని గుర్తించి లేపి చూడాలో పుస్తకంలో ఉంటుంది గాని, అర్ధరాత్రి ఆ తేడాను పట్టుకొనే చూపు అనుభవజ్ఞురాలైన నర్సు పక్కన నిలబడి నాలుగైదు సార్లు చూపించినప్పుడే అబ్బుతుంది.

గనుల పట్నం దాటితే జిల్లా అంతా వ్యవసాయం, టమాటా, పట్టుపురుగుల పెంపకం. ఇటువంటి చోట్ల అత్యవసర విభాగానికి పాముకాటు బాధితులతో పాటు పురుగుమందు ఒంట్లోకి వెళ్లినవారు కూడా వస్తారు. పురుగుమందు బాధితులకు వాడే అట్రోపిన్ అనే మందు మోతాదు రోగి స్పందనను బట్టి మారుతూ ఉంటుంది కనుక, ఛాతీలో తడి శబ్దం తగ్గిందా, గుండె వేగం ఎంత, కంటిపాప ఎలా ఉంది, ఒళ్లు కాలుతోందా అని నర్సు తరచుగా చూసి రాస్తూనే ఉండాలి. మందు చాలకపోయినా ముప్పే, ఎక్కువైనా ముప్పే. మంచం పక్కన తల్లిదండ్రుల ఏడుపు, గుమ్మంలో పోలీసు కాగితాలు, ఇరవై రెండేళ్ల నర్సు చేతిలో ఈ పట్టిక. రోగి కోలుకున్నాక అతనిని నిందించకుండా, ఒంటరిగా వదలకుండా మాట్లాడవలసినది కూడా ఆమే.

భాష సంగతి ఈ జిల్లాలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కేజీఎఫ్ వీధులలో ఎక్కువగా తమిళం వినిపిస్తుంది. ముల్బాగల్, శ్రీనివాసపురం వైపు పల్లెలలో తెలుగే ఇంటిభాష. ప్రభుత్వ కాగితాలు కన్నడంలో, కేస్ షీటు ఇంగ్లీషులో ఉంటాయి. కోలారు పాతపేటలో దక్కనీ ఉర్దూ, నర్సుల హాస్టల్లో మలయాళం మామూలే. కుప్పం, వి.కోట, పుంగనూరు ప్రాంతాల నుంచి సరిహద్దు దాటి వైద్యానికి వచ్చే తెలుగువారు కూడా ఉంటారు. ఒక పల్లెటూరి అవ్వ “గుండెల్లో దేవినట్టుందమ్మా” అంటే అది వట్టి వికారమా, అజీర్ణమా, లేక గుండెపోటు తొలి సూచనా అన్నది తెలుగు వచ్చిన నర్సు కూడా మళ్లీ అడిగి తేల్చుకోవలసిందే. ముఖ్యంగా మధుమేహం ఉన్న వృద్ధులలో గుండెపోటు తీవ్రమైన నొప్పి లేకుండా కేవలం వికారంతో, చెమటతో, ఆయాసంతో రావచ్చు. తెలుగు రాని నర్సు ‘కడుపులో తిప్పుతోంది’ అని రాసి ఊరుకుంటే ఆ రాతను బట్టే వైద్యం నడుస్తుంది. కాబట్టి కోలారు జిల్లాలో తెలుగింటి నుంచి వచ్చిన అమ్మాయికి తన భాష వృత్తిలో ఒక బలమనీ, దానికి కన్నడం, తమిళం కొంత కలుపుకుంటే ఏ వార్డులోనైనా ఆమె మాట చెల్లుబాటవుతుందనీ కళాశాలలు మొదటి ఏడాదిలోనే చెప్పడం మంచిది.

రోగి పరిస్థితిని డాక్టరుకు చెప్పడం మరొక విద్య. రాత్రి రెండు గంటలకు ఫోన్ చేస్తే కసురుకుంటారేమో అన్న జంకు కొత్తవారిలో దాదాపు అందరికీ ఉంటుంది. ఆ జంకుతో ఆలస్యం చేసి, చివరకు “ఆరో నంబరు పేషెంటుకు బాగాలేదు సార్” అని ఒక్క మాటతో చెబితే అవతలివారికి ఏమీ తెలియదు. ఇప్పుడు జరుగుతున్నది ఏమిటి, రోగి ఎందుకు చేరాడు, నర్సు చూసి తేల్చినది ఏమిటి, ఏమి కావాలని అడుగుతోంది అన్న నాలుగు అంశాలను వరుసగా చెప్పే పద్ధతిని ప్రపంచమంతటా ఆసుపత్రులు నేర్పుతున్నాయి. “ఆరో నంబరు మంచం, అరవై ఎనిమిదేళ్ల పాత గని కార్మికుడు, ఆయాసంతో నిన్న చేరారు, గంట కిందటి దాకా మాట్లాడారు, ఇప్పుడు పిలిస్తే కళ్లు మాత్రమే తెరుస్తున్నారు, ఆక్సిజన్ 97 చూపిస్తోంది, తగ్గించాను, మీరు వచ్చి చూడాలి సార్” అని చెప్పగలిగిన నర్సు మాటకు ఏ డాక్టరైనా లేచి వస్తాడు. డ్యూటీ మారేటప్పుడు ఒకరి నుంచి మరొకరికి వార్డును అప్పగించే హ్యాండోవర్‌లో కూడా ఇదే క్రమశిక్షణ కావాలి.

సీనియర్లు కొత్తవారిని కసరడం, తప్పు జరిగితే అందరి ముందూ నిలదీయడం, అడిగితే “అలవాటైతే అదే వస్తుంది” అని తోసిపుచ్చడం తరచుగా వినిపించే ఫిర్యాదులే. వాటిని సమర్థించనక్కరలేదు గాని, ఆ సీనియరు ఏ స్థితిలో ఉందో కూడా చూడాలి. సాధారణ వార్డులో బోధనాసుపత్రి అయితే ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రులలో ఐదుగురికి ఒకరు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం చెబుతుండగా, రాత్రిపూట వార్డు మొత్తం ఒకరిద్దరి మీదే నడవడం మన ఆసుపత్రులలో చాలాచోట్ల కనిపించే దృశ్యం. తన పనికే ఊపిరాడని మనిషికి పక్కవారికి నేర్పే ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? ప్రపంచవ్యాప్తంగా 2.79 కోట్ల మంది నర్సులు ఉన్నారనీ, ఇంకా 59 లక్షల మంది కొరత ఉందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన నివేదిక చెప్పింది. ఆ కొరత తొలి దెబ్బ కొత్తవారి మీదే పడుతుంది.

సూది గుచ్చుకోవడం కూడా తొలి నెలల్లో ఎక్కువగా భయపెట్టే ప్రమాదం. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం దానిని గుచ్చుకుపోని తెల్లని డబ్బాలో వేయాలి. ఒకవేళ గుచ్చుకుంటే ఆ చోటును పిండకుండా సబ్బుతో, నీటితో కడిగి వెంటనే పైవారికి తెలియజేయాలి. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు రెండు గంటలలోపు మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే ఫలితం ఆశించలేరు. హెపటైటిస్ బీ టీకా మూడు మోతాదులూ విద్యార్థిగా ఉండగానే పూర్తి కావాలి. తిట్టు పడుతుందన్న భయంతో ఈ సంగతి దాచిపెట్టే కొత్త నర్సు తన ప్రాణాన్నే పణంగా పెడుతోంది. రోగి బంధువులు దాడికి దిగినప్పుడు రక్షణగా కర్ణాటకలో 2009లో చేసిన చట్టం నర్సులకు కూడా వర్తిస్తుందన్న విషయం వారిలో చాలామందికి ఎవరూ చెప్పరు.

జీతం సంగతి చెప్పకుండా ఈ చర్చ పూర్తికాదు. సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశం మేరకు ఏర్పడిన నిపుణుల సంఘం, 200 పడకలకు మించిన ప్రైవేటు ఆసుపత్రులలో నర్సుల జీతం ప్రభుత్వ నర్సుల జీతంతో సమానంగా ఉండాలనీ, 50 పడకలలోపు చిన్న ఆసుపత్రులలో కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదనీ సిఫారసు చేసింది. సిఫారసును చట్టంగా మార్చే పని రాష్ట్రాలకు వదిలేయడంతో, చిన్న పట్టణాల నర్సింగ్ హోములలో అంతకంటే తక్కువకు చేరేవారు నేటికీ ఉన్నారు. చదువుకు అప్పు చేసిన తండ్రి, పెళ్లి తొందరపెట్టే బంధువులు, బెంగళూరు హాస్టలు ఖర్చు ఒకవైపు; అనుభవ ధ్రువపత్రం లేకపోతే విదేశాలకు దారి లేదన్న నిజం మరోవైపు. గల్ఫ్ ఉద్యోగాలకు సాధారణంగా రెండేళ్ల అనుభవం అడుగుతారు కనుక, ఎంత కష్టమైనా ఆ రెండేళ్లు నోరు మూసుకొని గడిపేయడమే వ్యూహంగా మారుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి దగ్గర పెట్టుకోవడం, మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలని బాండు రాయించుకోవడం వంటి పద్ధతులు కొన్ని ప్రైవేటు సంస్థలలో ఇంకా సాగుతున్నాయి. బాండు తగదని నర్సింగ్ కౌన్సిల్ ఏనాడో చెప్పింది. సర్టిఫికెట్ల నకళ్లు ఇచ్చి అసలు పత్రాలు తమ దగ్గరే ఉంచుకోవడం చేరే ముందే ప్రతి నర్సూ పట్టుబట్టవలసిన హక్కు.

మార్గాలు తెలియనివి కావు. బ్రిటన్ ఆసుపత్రులలో కొత్తగా నమోదైన నర్సుకు కొంతకాలం ఒక అనుభవజ్ఞురాలిని జతచేసి, ఆమె పక్కనే పని నేర్పించే ప్రిసెప్టర్‌షిప్ పద్ధతి ఉంది. అమెరికాలో ఏడాదిపాటు సాగే నర్సు రెసిడెన్సీ కార్యక్రమాలు రెండు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. మన దేశంలో 2021 నుంచి అమలైన బీఎస్సీ కొత్త పాఠ్యప్రణాళిక చివరి సెమిస్టరును 22 వారాల ఇంటర్న్‌షిప్‌గా మార్చింది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. ఇంటర్న్‌షిప్ వారాలలో విద్యార్థిని జీతం లేని చేతిగా వాడుకోకుండా నేర్పితే, పట్టా తరువాతి దెబ్బ సగం తగ్గుతుంది. మిగతా సగం ఉద్యోగమిచ్చినవారి చేతిలో ఉంది.

కేజీఎఫ్ ప్రజలకు ఆసుపత్రి విలువ చెప్పనక్కరలేదు. ఏళ్లుగా మూతపడి ఉన్న బీజీఎంఎల్ ఆసుపత్రిని 2021 కోవిడ్ రెండో అలలో స్థానిక స్వచ్ఛంద కార్యకర్తలే శుభ్రం చేసి రోగులకు సిద్ధం చేశారు. గోడలకు చూపిన ఆ శ్రద్ధ ఇప్పుడు ఆసుపత్రులలో పనిచేసే మనుషులకు కూడా దక్కాలి. జిల్లాలోని ప్రభుత్వ, ప్రైవేటు, మిషన్ ఆసుపత్రుల యాజమాన్యాలు కొత్తగా చేరిన నర్సును మొదటి మూడు నెలలు డ్యూటీ చార్టులోని నర్సుల లెక్కలో చేర్చకుండా, పేరు పెట్టి ఒక సీనియరుకు అప్పగించి, ఆ సీనియరుకు అందుకు తగిన సమయమూ, అదనపు భత్యమూ ఇచ్చి, ఆ మూడు నెలలు గడిచేదాకా ఒంటరిగా నైట్ డ్యూటీ వేయకుండా ఉండాలి. ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు. రేపటి డ్యూటీ చార్టు రాసేవారు తలచుకుంటే చాలు.